పదమూడు జట్లు మారిన పాయింట్ గార్డ్‌ని పిల్లలకు ఆదర్శంగా చూపించవచ్చా?

నారాయణగూడ_పాయింట్:
మేం ఆడే కోర్టులో సాయంత్రం అండర్-16 పిల్లలకు కోచింగ్ జరుగుతుంది. ఈమధ్య కోచ్ వాళ్లకు ఇష్ స్మిత్ గురించి చెప్పారు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో అందరికంటే ఎక్కువగా 13 జట్లకు ఆడిన పాయింట్ గార్డ్, అంటే బంతి నడిపిస్తూ ఆట ఆడించేవాడు. స్టార్లను తర్వాత చూడొచ్చు, ముందు ఇతన్ని చూడండి అన్నారు. పక్కనే నిలబడ్డ ఒక తండ్రికి అది నచ్చలేదు. పదమూడు చోట్ల వద్దనిపించుకున్న మనిషిని చూపించి మా పిల్లలకు ఏం నేర్పుతారు అని అక్కడే అడిగేశారు. మాట సగంలో ఆగిపోయింది. ఇది మాట్లాడుకోవాల్సిన విషయమే అనిపించి ఇక్కడ పెడుతున్నాను.

నేను కోచ్ వైపే. ఇష్ స్మిత్‌ని 2010 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, ఎవరూ తీసుకోలేదు. ఆ ఏడాది ఎంపికైన 60 మందిలో అతని పేరు లేదు. ఎత్తు ఆరడుగులు, బయటి నుంచి షాట్ అంతంతమాత్రం. అలాంటివాడు హ్యూస్టన్‌లో మొదలుపెట్టి మెంఫిస్, గోల్డెన్ స్టేట్, ఓర్లాండో, మిల్వాకీ, ఫీనిక్స్, ఓక్లహామా సిటీ, ఫిలడెల్ఫియా, న్యూ ఓర్లీన్స్, డెట్రాయిట్, వాషింగ్టన్, షార్లెట్, చివరికి డెన్వర్ దాకా వెళ్లాడు. మొత్తం 14 సీజన్లు ఆ లీగ్‌లో నిలబడ్డాడు. పదమూడు జట్లు వదులుకున్నాయి అంటున్నాం కదా, పదమూడు జట్లు రమ్మన్నాయి కూడా. ఆ రెండో మాట ఎవరూ ఎందుకు అనరు? 2023లో డెన్వర్ టైటిల్ గెలిచిన జట్టులో అతనూ ఉన్నాడు.

స్టాక్టన్_12:
అన్నా, ఆ తండ్రి అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. డెన్వర్ టైటిల్ మాట ముందు చూద్దాం. ఆ ప్లేఆఫ్స్‌లో ఇష్ స్మిత్ దాదాపుగా బెంచ్ మీదే ఉన్నాడు. ఫైనల్లో మయామీని 4-1తో ఓడించింది డెన్వర్ స్టార్లు యోకిచ్, మర్రే. వాళ్ల మధ్య ఆ కంటిచూపు ఏళ్ల తరబడి ఒకే జట్టులో కలిసి ఆడితే వచ్చింది.

పాయింట్ గార్డ్ పనే అది. ఎవడికి బంతి ఎక్కడ కావాలో, ఏ చేతికి కావాలో వాడికంటే ముందు తెలియాలి. జాన్ స్టాక్టన్ 1984 నుంచి 2003 దాకా యూటాకే ఆడాడు. 19 సీజన్లు, 15,806 అసిస్టులు, అంటే బాస్కెట్‌కు దారితీసిన పాస్‌లు. ఇప్పటికీ అదే రికార్డు. కార్ల్ మలోన్‌తో 18 సీజన్లు అదే పిక్ అండ్ రోల్ (ఒకడు డిఫెండర్‌కు అడ్డు నిలబడి, వెంటనే రింగ్ వైపు కదిలి పాస్ అందుకునే ఎత్తు) ఆడాడు, ఏం వస్తుందో ఎదుటివాళ్లకు తెలిసినా ఆపలేకపోయారు. ఆయనకు టైటిల్ ఒక్కటీ రాలేదు. అంతమాత్రాన పిల్లలకు ఆయన్ని పక్కనబెట్టి ఇష్ స్మిత్‌ని చూపిస్తామా? ఊరు మారడం గొప్ప కాదు. ఉన్నచోట అవసరమైనవాడు కావడం గొప్ప.

సికింద్రాబాద్_జోన్:
తమ్ముళ్లూ, మీరిద్దరూ అమెరికా గురించే మాట్లాడుతున్నారు. నేను స్పోర్ట్స్ కోటాలో రైల్వేలో చేరి చాలా ఏళ్లు గార్డ్‌గా ఆడినవాణ్ణి, కాబట్టి ఇక్కడి సంగతి చెప్తాను.

మన దగ్గర జట్లు మారే ఆటగాడే లేడు. మారడానికి జట్లు ఉండాలి కదా. రైల్వే, ఇన్‌కమ్ టాక్స్, ఓఎన్‌జీసీ, బ్యాంకులు, సర్వీసెస్, ఇవే మనకు జట్లు. ఇరవై ఏళ్లకో ఇరవై రెండేళ్లకో ట్రయల్స్‌లో నిలబడితే ఉద్యోగం. ఆ తర్వాత అదే జట్టు, అదే ఆఫీసు, రిటైర్మెంట్ దాకా. క్వార్టర్, పాసులు, అమ్మానాన్నలకు ఆసుపత్రి. మా ఇంట్లో ఆ జీతం మీద చెల్లెళ్ల పెళ్లిళ్లు జరిగాయి. బాస్కెట్‌బాల్ ఇచ్చిన అన్నం అది, దాన్ని నేను ఎప్పుడూ తక్కువ చేయను.

కానీ ఒక మాట గట్టిగా చెప్తాను. ఉద్యోగం వచ్చిన ఏడాదికే ఆట ఆగిపోయిన కుర్రాళ్లను ఎందరినో చూశాను. ఎడమ చేత్తో డ్రిబుల్ రాకపోయినా జీతం ఆగదు. టర్నోవర్లు చేసినా, అంటే బంతి ఎదుటివాళ్లకు పోగొట్టినా, పేరు లిస్టులోనే ఉంటుంది. కాళ్లు బరువెక్కుతాయి, ఇంటర్ రైల్వే పోటీలకు నెల ముందు మాత్రమే షూ బయటికి వస్తుంది. పిల్లలు ఇష్ స్మిత్‌ని చూడాల్సింది ఇందుకే. పన్నెండో జట్టు దగ్గర కూడా అతను కొత్తగా ట్రయల్స్‌కు వచ్చినవాడిలాగే పరుగెత్తాల్సి వచ్చింది. లీగ్‌లో అతనికి చోటిచ్చిందే ఆ వేగం.

మన దగ్గర ప్రైవేటు లీగ్ ప్రయత్నం జరగకపోలేదు. 2015లో యూబీఏ వచ్చింది, అందులో హైదరాబాద్ స్కై అని మన ఊరి పేరుతో జట్టు ఉండేది. 2017 తర్వాత ఆగిపోయింది. విశేష్ భృగువంశీ అదే 2017లో ఆస్ట్రేలియాలో అడిలైడ్ 36యర్స్‌తో కాంట్రాక్ట్ చేసుకున్నాడు. అప్పటికే దేశానికి కెప్టెన్‌గా ఆడినవాడు, ఓఎన్‌జీసీ మనిషి. అంతటివాడికే బయట ఒక్క తలుపు తెరుచుకోవడానికి అన్నేళ్లు పట్టింది.

యూసుఫ్‌గూడ_అమ్మ:
సార్, మా అమ్మాయి పదో తరగతి, గార్డ్ ఆడుతుంది. ఆ తండ్రి కోపం నాకు అర్థమవుతుంది. ఆట అంటే ఇంట్లో పెద్దవాళ్లు వేసే మొదటి ప్రశ్న నిలకడ ఉందా అనే. ఇలా జట్లు మారడం అంటే అసలు ఏం జరుగుతుంది? తీసేస్తారా, అమ్మేస్తారా, వాళ్లే వెళ్లిపోతారా? తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కల_బెంచ్:
మేడమ్, మూడూ జరుగుతాయి, మూడూ వేరు. కాంట్రాక్ట్ అయిపోతే ఆటగాడు తనకు నచ్చిన చోటికి వెళ్తాడు. ట్రేడ్ అంటే రెండు జట్లు కాంట్రాక్టులు మార్చుకుంటాయి, ఆటగాణ్ణి అడగరు. ట్రేడ్‌కు నా ఒప్పుకోలు కావాలి అని రాయించుకోగలిగేవాళ్లు చాలా తక్కువ. వేవ్ చేయడం అంటే వదిలేయడం. అక్కడ కూడా గ్యారంటీ ఉన్న డబ్బు ఇవ్వాల్సిందే.

అసలు టెన్షన్ గ్యారంటీ లేని కాంట్రాక్టులతో. సీజన్ అక్టోబర్‌లో మొదలవుతుంది, జనవరి 10కి జట్టులో ఉంటేనే ఆ ఏడాది జీతం మొత్తం ఖాయం. కాబట్టి జనవరి మొదటివారంలో చాలామందిని వదిలేస్తారు. అదే సమయంలో, జనవరి 5 నుంచి, పది రోజుల కాంట్రాక్టులు మొదలవుతాయి. ఒక జట్టు ఒక ఆటగాడికి ఒక సీజన్‌లో అలాంటివి రెండే ఇవ్వగలదు. మూడోసారి కావాలంటే సీజన్ చివరిదాకా తీసుకోవాలి. ఇరవై రోజుల్లో ఒక మనిషి భవిష్యత్తు తేలిపోతుంది.

పాయింట్ గార్డ్‌కి ఇది మిగతావాళ్లకంటే కష్టం. సెంటర్, అంటే రింగ్ దగ్గర ఆడే పొడుగువాడు, కొత్త జట్టుకు వెళ్తే స్క్రీన్ పెట్టి (ఎదుటివాడికి అడ్డు నిలబడి), రీబౌండ్ పట్టి (తప్పిన షాట్ బంతి అందుకుని) మొదటిరోజే పని చేసేయగలడు. గార్డ్ అలా కాదు. ప్లే, అంటే ముందే అనుకున్న ఎత్తు, పిలవాల్సింది తనే. 82 మ్యాచ్‌ల సీజన్ మధ్యలో సరైన ప్రాక్టీస్ ఉండదు, మ్యాచ్ రోజు పొద్దున ఒక గంట నడిచి చూసుకోవడమే. ఆ గంటలో కోచ్ సైగలు, ప్లేల పేర్లు, ఎవడు ఏ మూల నిలబడతాడో అన్నీ పట్టాలి. రాత్రికి వాటిని తనకంటే సీనియర్లకు చెప్పి ఆడించాలి. ఇష్ స్మిత్ ఈ పని పదమూడు చోట్ల చేశాడు.

నారాయణగూడ_పాయింట్:
నేను చెప్పాలనుకున్నది లెక్కల_బెంచ్ భాయ్ బాగా చెప్పాడు. దీనికి ఫిలడెల్ఫియా కథ కలుపుతాను, ఎందుకంటే నా దృష్టిలో వాదన అక్కడే తేలిపోతుంది.

2015-16 సీజన్. అడుగున ఉన్న జట్లకు డ్రాఫ్ట్‌లో ముందు వంతు దొరుకుతుంది కాబట్టి, ఫిలడెల్ఫియా కావాలనే కుర్రాళ్లతో ఓడిపోతూ దాని కోసం ఎదురుచూస్తున్న కాలం. క్రిస్మస్ నాటికి ఒక గెలుపు, 30 ఓటములు. జట్టులో నెర్లెన్స్ నోయెల్, ఓకఫోర్ లాంటి పొడుగు కుర్రాళ్లు ఉన్నారు, వాళ్లకు బంతి అందించేవాడు లేడు. డిసెంబర్ 24న న్యూ ఓర్లీన్స్‌కు రెండు సెకండ్ రౌండ్ పిక్‌లు (డ్రాఫ్ట్ రెండో రౌండ్‌లో ఎంచుకునే హక్కులు) ఇచ్చి ఇష్ స్మిత్‌ని తెచ్చుకున్నారు. అంతకుముందు సీజన్ చివర్లో ఫిలడెల్ఫియాలోనే ఆడి వెళ్లినవాడు. వదులుకున్న మనిషినే ఖరీదు పెట్టి వెనక్కి తెచ్చుకున్నారన్నమాట. వచ్చాక రెండో గెలుపు వచ్చింది. నోయెల్ రింగ్ వైపు పరుగెత్తితే బంతి గాల్లో సిద్ధంగా ఉండేది. మొత్తం సీజన్ 10-72 దగ్గర ముగిసింది, అది చెత్త రికార్డే, కాదనను. కానీ మొదటి 31 మ్యాచ్‌లలో ఒకటి, తర్వాతి 51లో తొమ్మిది గెలిచారు. ఆ తర్వాతి వేసవిలో డెట్రాయిట్ అతనికి మూడేళ్లకు 1.8 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ ఇచ్చింది. మూడేళ్లూ అక్కడే ఉన్నాడు.

స్టాక్టన్_12 తమ్ముడు ఉన్నచోట అవసరమైనవాడు కావాలి అన్నాడు. మరి ఆ జట్టుకు ఆ రోజు అతనికంటే అవసరమైనవాడు ఎవరు?

స్టాక్టన్_12:
ఫిలడెల్ఫియా ముక్క ఒప్పుకుంటాను, ఆ జట్టుకు గార్డ్ విలువ ఏమిటో అతనే చూపించాడు. కానీ పదమూడు జట్లూ ప్రేమతో రమ్మన్నట్టు చెప్పొద్దు. 2022 ఫిబ్రవరిలో షార్లెట్ వాళ్లు మాంట్రెజ్ హారెల్ కోసం అతన్ని వాషింగ్టన్‌కు పంపారు. జీతాల లెక్క సరిపోవడానికి ఒక కాంట్రాక్ట్ కావాలి, ఇతనిది సరిపోయింది. కొన్ని నెలలకే మళ్లీ ట్రేడ్, ఈసారి డెన్వర్. అందులోనూ డెన్వర్‌కు ముఖ్యంగా కావలసింది అదే ట్రేడ్‌లో వచ్చిన ఇంకో ఆటగాడు కాల్డ్‌వెల్-పోప్. 13వ జట్టు రికార్డు వచ్చింది ఇలాగే. పిల్లలకు ఇది కూడా చెప్పాలి. ఎంత కష్టపడినా ఒక్కోసారి మనిషి కాగితం మీద అంకెగానే మిగులుతాడు.

జట్లు మారినవాణ్ణే చూపించాలంటే నేను షాన్ లివింగ్‌స్టన్‌ని చూపిస్తాను. 2007లో మోకాలు ఎలా విరిగిందంటే కాలు తీసేయాల్సి వస్తుందేమోనన్న మాట కూడా వచ్చింది. తిరిగి నడిచి, జట్టు తర్వాత జట్టు తిరిగి, చివరికి గోల్డెన్ స్టేట్‌లో కుదురుకున్నాడు. 2015, 2017, 2018 టైటిళ్లలో నిజంగా ఆడాడు, బెంచ్ మీద కూర్చోలేదు. ఆ తిరుగుడుకు ఒక గమ్యం ఉంది.

యూసుఫ్‌గూడ_అమ్మ:
ఇదంతా చదివాక నాకు ఇంకో సందేహం వచ్చింది. అక్కడ వదిలేస్తే ఇంకో 29 జట్లు ఉన్నాయి. మా అమ్మాయిని రాష్ట్ర జట్టులోంచి తీసేస్తే ఎక్కడికి వెళ్తుంది? ఇష్ స్మిత్ ధైర్యం వెనక అన్ని తలుపులు ఉన్నాయి. మన పిల్లలకు ఆ తలుపులు చూపించకుండా ధైర్యం ఒక్కటే నేర్చుకోమనడం న్యాయం కాదు.

సికింద్రాబాద్_జోన్:
మీరు సరిగ్గా పట్టుకున్నారమ్మా. అందుకే నేను ఎవరి పిల్లలకూ ఉద్యోగం వద్దు, ఆటే చాలు అని చెప్పను. చదువు ఆపొద్దు, ఇంటర్ యూనివర్సిటీ దాకా ఆడాలి, స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్ వస్తే ట్రయల్స్‌కు వెళ్లాలి. లీగులు రావాలి అని ఫెడరేషన్‌ని అడుగుతూనే ఉండాలి, అది పెద్దవాళ్ల పని.

కోర్టులో మనం చేయగలిగింది మాత్రం ఒకటుంది. ఇక్కడ కోచింగ్ సెంటర్లలో అయిదుగురి జట్లు ఏడాదంతా అవే ఉంటాయి. గార్డ్‌కి తన స్నేహితుల ఆట మాత్రమే తెలుస్తుంది. రాష్ట్ర క్యాంపుకు వెళ్లి వేరే జిల్లాల పిల్లలతో కలవగానే నోరు పెగలదు, బంతి దాచుకుంటారు, సెలెక్టర్ పేరు కొట్టేస్తాడు. ప్రతి వారం జట్లు విడగొట్టి పిల్లల్ని కలగలిపేయండి. గార్డ్‌ని కొత్త నలుగురితో వేసి, పది నిమిషాల్లో మూడు ప్లేలు చెప్పి ఆడించమనండి. సిగ్గుపడే పిల్లలకు ఇది మరీ అవసరం.

స్టాక్టన్_12:
సార్, స్కూల్ టోర్నమెంట్లకు రెండు నెలల ముందైనా జట్లు కలపకండి. కుదిరిన అయిదుగురిని విడగొడితే ఓడిపోతారు, ఓడిపోతే జిల్లా సెలక్షన్ దాకా ఎవరూ వెళ్లరు. మిగతా కాలంలో కలపండి, నాకు అభ్యంతరం లేదు.

నారాయణగూడ_పాయింట్:
టోర్నమెంట్ల ముందు విడగొట్టొద్దు, ఒప్పుకున్నాను. వేసవి సెలవుల్లో వారం వారం కలిపే పద్ధతి పెట్టమని మా కోచ్‌ని అడుగుతాను. ఆ తండ్రిని కూడా వచ్చి చూడమని పిలుస్తాను. వాళ్ల అబ్బాయి కూడా గార్డే.