లాటినో ఓటు: గుడ్ల ధరా, గోడా?

సెలైనా శీను:
మొన్న శనివారం డాలస్‌లో ఒక ఫ్రెండ్ ఇంట్లో సత్యనారాయణ వ్రతం. భోజనాలయ్యాక మగవాళ్ళం గరాజ్‌లో చేరాం. ఒకాయన అందుకున్నాడు: "ఈ మెక్సికన్లకి బుద్ధి లేదండీ. ట్రంప్‌కి గుద్ది గుద్ది ఓటేశారు, ఇప్పుడు ఐస్ (ఇమ్మిగ్రేషన్ పోలీసు) వాళ్ళు పట్టుకుపోతుంటే లబోదిబోమంటున్నారు." అందరూ నవ్వారు. నాకెందుకో నవ్వు రాలేదు.

2024 అక్టోబర్‌లో మా ఇల్లు కడుతున్నప్పుడు రోజూ సాయంత్రం సైట్‌కి వెళ్ళేవాణ్ణి. చెక్క ఫ్రేములు నిలబెట్టే మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. టెక్సస్‌లోనే పుట్టాడు, సిటిజన్. ఓటు ఎవరికని నేను అడగలేదు. తనే ట్రక్కు తలుపు తీసి, సన్ వైజర్‌కి రబ్బర్ బ్యాండ్ వేసి పెట్టుకున్న డీజిల్ రసీదులు చూపించాడు. 2020వి కొన్ని, 2022వి కొన్ని. పాతవాటి మీద అక్షరాలు చెరిగిపోయి తెల్లకాగితాల్లా ఉన్నాయి. "కనపడకపోయినా ఆ అంకెలు నాకు నోటికొచ్చు" అన్నాడు. మెక్సికో సరిహద్దులో ట్రంప్ కడతానన్న గోడ గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

నేననేది ఏంటంటే, లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ళు) అనగానే మనం ఇమ్మిగ్రేషన్ అనుకుంటాం. వాళ్ళు అనుకునేది ఇంటి ఖర్చు. 2024 ఎన్నికలకు ముందు ప్యూ రీసెర్చ్ సర్వేలో లాటినో ఓటర్లలో 85 శాతం మంది ఆర్థిక పరిస్థితే చాలా ముఖ్యమన్నారు. ఆ తర్వాత వైద్యం. ఇమ్మిగ్రేషన్ చాలా కిందికి వచ్చింది. మా టెక్సస్‌లో మెక్సికో సరిహద్దును ఆనుకుని స్టార్ కౌంటీ (మన జిల్లా లాంటిది) ఉంది, జనాభాలో 97 శాతం లాటినోలే. అధ్యక్ష ఎన్నికల్లో 1892 తర్వాత 2024 దాకా అక్కడ రిపబ్లికన్ గెలిచిందే లేదు. అలాంటి చోట ట్రంప్‌కి 2016లో 19 శాతం వస్తే 2024లో దాదాపు 58 వచ్చాయి. మనిషీ అతనే, గోడ మాటా అదే. మారింది కిరాణా బిల్లు. కాదంటారా?

ఎడిసన్ పద్మ:
కాదంటాను. 85 శాతం అని ఒక అంకె పడేస్తే సరిపోదు శీను గారూ. అదే సర్వేలో మొత్తం అమెరికన్ ఓటర్లలో 81 శాతం మంది కూడా అదే మాట చెప్పారు. ఆకలి వేస్తుందా అని అడిగితే ఎవరు కాదంటారు? లాటినోల గురించి ప్రత్యేకంగా అది చెప్పింది ఏమీ లేదు.

రెండోది, స్టార్ కౌంటీ కథలో మధ్యలో ఒక అంకె మింగేశారు. 2020లో అక్కడ ట్రంప్‌కి 47 శాతం వచ్చాయి. అంటే 19 నుంచి 47కి ఎగబాకింది మొదటి నాలుగేళ్ళలోనే. అప్పుడు గుడ్ల ధర ఎక్కడ పెరిగింది? ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరింది 2022 జూన్‌లో. మీ మేస్త్రీ రసీదులు ఆ దూకుడుకి కారణం చెప్పలేవు.

సెలైనా శీను:
పట్టుకున్నారు 🙂 కావాలని మింగలేదు, ఫోన్‌లో టైప్ చేస్తూ వదిలేశాను. కానీ 2020ది కూడా పొట్టకూటి కథే. పక్కనున్న జపాటా కౌంటీ అదే ఏడాది దాదాపు నూరేళ్ళ తర్వాత రిపబ్లికన్ వైపు వెళ్ళింది. అక్కడ మగవాళ్ళకి మంచి జీతం వచ్చేది ఆయిల్, గ్యాస్ పనుల్లో. లేకపోతే బోర్డర్ పెట్రోల్‌లో, అంటే సరిహద్దు కాపలా దళంలో. చివరి డిబేట్‌లో బైడెన్ ఆయిల్ నుంచి క్రమంగా బయటికి రావాలి అన్నాడు. కరోనా టైమ్‌లో ఇంట్లో కూర్చోండి, షాపులు మూసేయండి అన్న పార్టీ ఏదని జనం గుర్తుపెట్టుకున్నారు. ప్రభుత్వం పంపిన 1200 డాలర్ల కరోనా సాయం చెక్కు మీద పేరు ఎవరిది ఉందో కూడా చూశారు. చెక్కు మీద అధ్యక్షుడి పేరు అచ్చు వేయించడం మనవాళ్ళకి తెలియని విద్యేం కాదు, రేషన్ కార్డు మీద ఫొటోలు చూస్తూ పెరిగాం.

లెక్కల మాస్టారు:
గొడవ ముదిరేలోపు ఒక సవరణ. "లాటినోలు ట్రంప్‌కి గుద్ది గుద్ది ఓటేశారు" అనేది తప్పు. ఎగ్జిట్ పోల్‌లో ఆయనకి సుమారు 46 శాతం, అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ సర్వే ఓట్‌కాస్ట్‌లో 43. ఓటర్ల జాబితాతో సరిపోల్చి ప్యూ తీసిన లెక్కలో 48, డెమొక్రాట్ అభ్యర్థి కమలా హారిస్‌కి 51. ఏ లెక్కలో చూసినా సగం దాటలేదు. గరాజ్‌లో మాట్లాడిన పెద్దాయనకి చెప్పండి. ఆశ్చర్యం కలిగించేది మొత్తం కాదు, మార్పు. 2016లో ఎగ్జిట్ పోల్ ప్రకారం ఆయనకి 28 శాతమే.

ఇంకొకటి, 2024లో ఓటు హక్కున్న లాటినోలు 3.6 కోట్ల మంది. అంతమందిని ఒకే మూటలో కట్టేసి "మెక్సికన్లు" అనడం, ఉత్తరాదివాళ్ళు మనందర్నీ మద్రాసీలు అన్నట్టే ఉంటుంది. అలా అంటే మనకెంత మండేది!

మయామి మాధవి:
మాస్టారు చెప్పినదానికి సాక్ష్యం మా ఊరే. ఇక్కడ క్యూబా, వెనెజువెలా, కొలంబియా వాళ్ళు. సోషలిజం అనే మాట వింటే చాలు, ఇంట్లో తాతల కాలం నుంచి ఉన్న గాయం రేగుతుంది. టెక్సస్ మేస్త్రీకి, మా పక్కింటి క్యూబన్ అబ్యులాకి (అమ్మమ్మకి) రాజకీయంగా ఏమీ కలవదు.

కానీ పార్టీ వేరు, పాలసీ వేరు అని నాకు ఇక్కడే అర్థమైంది. 2020లో ఫ్లోరిడా ట్రంప్‌ని గెలిపించింది. అదే రోజు అదే బ్యాలెట్ మీద కనీస వేతనం 15 డాలర్లకి పెంచాలనే ప్రతిపాదనకి 61 శాతం మంది అవునన్నారు. డెమొక్రాట్ల కోరికని రిపబ్లికన్ ఓటర్లు నెగ్గించారన్నమాట! మెను చూసి కావాల్సింది ఆర్డర్ ఇస్తున్నారు, హోటల్ పేరు పట్టించుకోవడం లేదు.

ఇన్సూరెన్స్ కూడా అంతే. ఒబామాకేర్ (ప్రభుత్వ సబ్సిడీతో దొరికే ఆరోగ్య బీమా) మార్కెట్‌లో దేశంలోనే ఎక్కువమంది చేరింది ఫ్లోరిడాలో, 2025లో సుమారు 47 లక్షల మంది. మయామి పక్కన హైలియా అని క్యూబన్ల ఊరు ఉంది, మాల్స్‌లో, పెట్రోల్ బంకుల పక్కన ఆ ఇన్సూరెన్స్ అమ్మే చిన్న చిన్న ఆఫీసులు మన దగ్గర మొబైల్ రీచార్జ్ షాపుల్లా ఉంటాయి. ఓటు ట్రంప్‌కి, కార్డు ఒబామాది. 2025 డిసెంబర్‌తో అదనపు సబ్సిడీ గడువు తీరింది, ప్రీమియం కొత్త బిల్లు చూసి మా పక్కింటావిడ రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. 2024లో మయామి-డేడ్ కౌంటీని ట్రంప్ 11 పాయింట్ల తేడాతో గెలిచాడు. 2025 డిసెంబర్‌లో మయామి నగరానికి దాదాపు 30 ఏళ్ళ తర్వాత డెమొక్రాట్ మేయర్ వచ్చింది.

ఇరానీ చాయ్:
అందరూ ఒకవైపే వాయిస్తున్నారు, నేను రెండోవైపు వాయిస్తా. నా ప్రయారిటీ డేట్ (గ్రీన్ కార్డు లైన్లో నా స్థానం తేల్చే తేదీ) 2013. గ్రీన్ కార్డు కోసం చూస్తూ చూస్తూ ఉండగా పుట్టిన పిల్లాడికి మీసం వచ్చేలా ఉంది. కొత్త హెచ్-1బికి లక్ష డాలర్లు కట్టమని 2025 సెప్టెంబర్‌లో ఆర్డర్ వేశారు. లైన్లో నిలబడ్డవాడికి ఈ శిక్ష, లైన్ దాటి వచ్చినవాడి మీద ఇంత జాలి ఎందుకు? ఇది నా ఒక్కడి కడుపుమంట అనుకోకండి. కాగితాలు సరిచేసుకుని వచ్చిన లాటినోల్లో చాలామంది ఇదే మాట అంటారు. బోర్డర్ పెట్రోల్‌లో సగం మంది లాటినోలే అని తెలుసా? వాళ్ళ ఇళ్ళలో ఇమ్మిగ్రేషన్ అంటే భయం కాదు, జీతం.

ఎడిసన్ పద్మ:
చాయ్ గారూ, మీ లైన్ బాధ నిజం, నేనూ అదే లైన్లో ఉన్నా. కానీ లైనే లేని మనిషిని లైన్ దాటాడు అనడం న్యాయం కాదు. రూఫ్ వేసేవాడికి, టమాటాలు కోసేవాడికి ఏ వీసా కేటగిరీ ఉందో ఒకసారి వెతకండి. పొలం పనికి సీజన్ వీసా ఒకటి ఉంది, అదీ పని అయ్యాక తిరిగి వెళ్ళేదే. రెండేళ్ళ శిక్షణ కూడా అక్కర్లేని కూలి పనులకి అయితే గ్రీన్ కార్డు కోటా ఏటా పదివేలు దాటదు, ప్రపంచం మొత్తానికి.

శీను గారు ఇమ్మిగ్రేషన్ ఒక గడిలో, ఇంటి ఖర్చు ఇంకో గడిలో పెడుతున్నారు. నా గొడవ దానితోనే. 2025 జూన్‌లో లాస్ ఏంజిలస్‌లో కార్ వాష్‌ల మీద, హోమ్ డిపో (ఇల్లు కట్టే సామాన్ల దుకాణం) పార్కింగుల్లో కూలీల అడ్డాల మీద ఇమ్మిగ్రేషన్ అధికారులు పడ్డారు. మన అమీర్‌పేట లేబర్ అడ్డా మీద పొద్దున్నే వ్యాన్లు వచ్చి ఆగితే మర్నాడు పనికి ఎవడొస్తాడు? ఆ రోజు కూలి పోయింది, సైట్ ఆగింది, పక్కనున్న టాకో బండి గిరాకీ పోయింది. ఇది ఇమ్మిగ్రేషనా, ఎకానమీనా?

ఇక మా న్యూజెర్సీ. పాసాయిక్ కౌంటీలో పాటర్సన్ ఊరు నిండా డొమినికన్లు, పెరూ వాళ్ళు. 2024లో కౌంటీ ట్రంప్‌కి వెళ్ళింది. ఏడాది తిరిగేసరికి, 2025 నవంబర్ గవర్నర్ ఎన్నికల్లో డెమొక్రాట్ మైకీ షెరిల్‌కి పెద్ద మెజారిటీ ఇచ్చింది. ఆమె ఊరూరా చెప్పింది కరెంటు బిల్లు గురించే. ఆ జూన్‌లో రేట్లు 17 నుంచి 20 శాతం పెరిగాయి. మా ఎడిసన్‌లో కూడా ఆ వేసవంతా తెలుగు గ్రూపుల్లో బిల్లు స్క్రీన్‌షాట్లే.

సెలైనా శీను:
అక్కా, కరెంటు బిల్లు అని మీరే అన్నారు కదా. నా పాయింటే నాకు తిరిగి అమ్ముతున్నారు.

ఎడిసన్ పద్మ:
సగం మీది, సగం నాది. వ్యాన్ల భయం లేకపోతే బిల్లు ఒక్కటే అంతమందిని తిప్పేది కాదు అంటున్నా.

వేగాస్ మామ:
ఆలస్యంగా వచ్చా, నైట్ డ్యూటీ. ఇరవై ఏళ్ళుగా క్యాసినోల్లో ఉన్నా. మా దగ్గర వంటింటివాళ్ళు, గదులు శుభ్రం చేసేవాళ్ళు, బార్‌లో గ్లాసులు ఎత్తేవాళ్ళు, ఎక్కువమంది లాటినోలే. మా హోటల్ కార్మికుల సంఘం కలినరీ యూనియన్‌లో 60 వేల మంది దాకా ఉంటారు, ప్రతి ఎన్నికకీ ఇల్లిల్లూ తలుపు కొడతారు, డెమొక్రాట్ల కోసం. అయినా 2024లో మా రాష్ట్రం నెవాడా వాళ్ళ చేయి జారిపోయింది. రిపబ్లికన్‌కి పడటం 2004 తర్వాత అదే మొదలు.

ఎందుకంటారా? 2024 జూన్‌లో ట్రంప్ ఇక్కడికే వచ్చి టిప్పుల మీద పన్ను ఉండదు అన్నాడు. మర్నాడు మా బ్రేక్ రూమ్‌లో అదొక్కటే టాపిక్. ఆగస్టులో హారిస్ కూడా ఇదే ఊళ్ళో అదే మాట అంది. పెళ్ళిలో రెండోసారి అదే చీర పెట్టినట్టు, ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత చట్టం వచ్చింది, 2025 జూలై 4న సంతకం అయ్యింది. టిప్పుల్లో ఏటా 25 వేల డాలర్ల దాకా ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు, 2028 దాకానే. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత మాత్రం మామూలే. తక్కువ గంటలు పనిచేసే బస్ బాయ్‌కి (టేబుళ్ళు తుడిచే కుర్రాడికి) అసలు ఇన్‌కమ్ ట్యాక్సే పడదు, వాడికి మిగిలేది సున్నా. మంచి టేబుళ్ళు దొరికే సీనియర్ వెయిటర్‌కి బాగానే గిట్టుబాటు. నన్నడిగితే అంతకన్నా అద్దె గురించి ఎవడైనా గట్టిగా మాట్లాడి ఉంటే బాగుండేది. మా షిఫ్ట్‌లో ఒకావిడ రెండు ఉద్యోగాలు చేస్తుంది, మధ్యలో గంటన్నర గ్యాప్‌లో కారు సీటు వెనక్కి వాల్చి నిద్రపోతుంది. ఇంటికి వెళ్ళిరావడానికి పెట్రోలు దండగ అని.

హ్యూస్టన్ చిన్నోడు:
నేను ఇక్కడే పుట్టా, తెలుగులో తప్పులుంటే క్షమించండి అంకుల్స్. నా స్కూల్ ఫ్రెండ్స్ సగం లాటినోలు. వాళ్ళని "లాటినెక్స్" (ఆడా మగా తేడా లేకుండా పెట్టిన కొత్త పేరు) అని పిలిస్తే నవ్వుతారు. ప్యూ సర్వేలో కూడా ఆ పేరు వాడేవాళ్ళు 4 శాతమే. డెమొక్రాట్లు ప్రొఫెసర్‌లా మాట్లాడతారని వాళ్ళ కంప్లైంట్. 2024లో అరిజోనాలో ట్రంప్ ఐదు పాయింట్ల పైచిలుకు తేడాతో గెలిచాడు, అదే రోజు డెమొక్రాట్ రూబెన్ గయేగో సెనేట్‌కి గెలిచాడు. లాటినో మగాడు ప్రతివాడికీ ఒక పెద్ద ట్రక్కు కావాలి, అందులో తప్పేముంది అని ఓపెన్‌గా చెప్పే మనిషి. మా ఫ్రెండ్స్‌కి కావాల్సింది కూడా జాలి కాదు. ఒక ట్రక్కు, సొంత బిజినెస్, అమ్మకి ఇల్లు. అచ్చం మనవాళ్ళలాగే, ట్రక్కు బదులు టెస్లా.

వేగాస్ మామ:
తప్పులేం లేవు తమ్ముడూ, మాకంటే బాగా రాశావు.

లెక్కల మాస్టారు:
అదే 2025 చట్టంలో ఇంకో ముక్క ఉంది, మనకీ వాళ్ళకీ ఉమ్మడిది. ఇంటికి పంపే డబ్బు మీద పన్ను. మొదట సిటిజన్లు కానివాళ్ళకి 5 శాతం అన్నారు, 2025 మేలో మన వాట్సాప్ గ్రూపులన్నీ ఎంత గోల పెట్టాయో గుర్తుందా? తర్వాత 3.5కి తగ్గింది, చివరికి 2026 జనవరి నుంచి 1 శాతం. అదీ నగదు, మనీ ఆర్డర్ లాంటివాటితో కౌంటర్‌లో పంపితేనే. బ్యాంకు ఖాతా నుంచి పంపితే లేదు. మనవాళ్ళు హమ్మయ్య అనుకుని మర్చిపోయారు. శుక్రవారం సాయంత్రం కూలి డబ్బు నోట్ల కట్టగా పట్టుకుని కిరాణా కొట్టు కిటికీ దగ్గర నిలబడి మెక్సికోలో మిచోఆకాన్ రాష్ట్రానికి పంపేవాడికి మాత్రం పడుతుంది. వంద మీద డాలరే, కానీ పడింది వాడికే.

ఇరానీ చాయ్:
బ్యాంకు ఖాతా తెరుచుకోమనండి. అంత కష్టమా?

లెక్కల మాస్టారు:
ఖాతాకి ఐడీ కావాలి నాయనా. మీరు చెప్పిన లైన్ కథే మళ్ళీ.

సెలైనా శీను:
సరే, నా మొదటి పోస్ట్‌లో సగం వెనక్కి తీసుకుంటున్నా, పద్మ గారి సగం. మిగతా సగానికి పరీక్ష 2026 నవంబర్ ఎన్నికలు. టెక్సస్‌లో 2025లో కొత్త నియోజకవర్గాల మ్యాప్ గీశారు, రిపబ్లికన్లకి ఐదు సీట్లు అదనంగా రావాలని. అందులో దక్షిణ టెక్సస్ సీట్లు లాటినో ఓట్లు 2024లో పడ్డట్టే మళ్ళీ పడతాయని వేసిన పందెం. ఇంతకీ మొన్న మా మేస్త్రీకి ఫోన్ చేశా, పెరట్లో ఫెన్స్ విరిగిందని. ఓటు సంగతి అడగలేదు, ఆయనా ఎత్తలేదు. మనుషులు లేరు, ఆరు వారాలు ఆగాలి, చెక్క రేటు కూడా పెరిగింది అన్నాడు.

ఫ్రిస్కో_రమణ:
టాపిక్ వేరే, ఏమనుకోకండి. ఆ మేస్త్రీ నంబర్ ఉంటే మెసేజ్ పెట్టండి శీను గారూ. మాది కూడా ఫెన్సే, నాలుగు చోట్ల అడిగాం, ఎవరూ రావడం లేదు.