చర్చ: విదేశీ పర్యావరణ నిబంధనలు చిన్న ఎలక్ట్రానిక్స్ తయారీదారులను మార్కెట్ నుంచి గెంటేస్తున్నాయా?

చిన్న_యూనిట్
మేం పవర్ సప్లై బోర్డులు చేసి యూరప్‌కు పంపుతాం. ప్రమాదకర పదార్థాలపై యూరోపియన్ యూనియన్ పెట్టిన రోహ్స్ నిబంధన 2006 జూలై 1న అమల్లోకి వచ్చింది. మొదట సీసం, పాదరసం, కాడ్మియం, హెక్సావాలెంట్ క్రోమియం, బ్రోమిన్ ఉండే రెండు రకాల అగ్నినిరోధకాలు, అంతే. 2019 జూలై 22 నుంచి ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్లు నాలుగు వచ్చి చేరాయి. పక్కనే రీచ్ ఉంది, అది యూరప్ రసాయనాల చట్టం. దాని జాబితాలో కొత్త రసాయనం ఎప్పుడు చేరితే అప్పుడు మళ్లీ సప్లయర్లందరికీ మెయిళ్లు పెట్టాలి. పెద్ద కంపెనీలకు ఈ పనికే ఒక విభాగం ఉంటుంది. మా దగ్గర కొనుగోళ్లు చూసే మనిషే ఇదీ చూడాలి. పర్యావరణం పేరు చెప్పి చిన్నవాళ్లకు కడుతున్న గోడ ఇది అంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

ల్యాబ్_డెస్క్
మీ కష్టం నిజమేనండీ, కానీ గోడ అన్న మాట ఒప్పుకోలేను. 2001లో, రోహ్స్ ఇంకా రాకముందే, నెదర్లాండ్స్ అధికారులు సోనీ ప్లేస్టేషన్లను సుమారు 13 లక్షలు ఆపేశారు. గేమ్ యంత్రంలో లోపం లేదు, దాంతో పాటు ఇచ్చే కేబుళ్లలో కాడ్మియం పరిమితి దాటింది. అంత పెద్ద సంస్థకే తన వైరులో ఏముందో తెలియలేదు. ఈ నిబంధనలు పెద్దవాళ్లను వదిలేస్తాయనుకోవడం సరికాదు.

అసలు చిక్కు లెక్క కట్టే పద్ధతిలో ఉంది. పరిమితి బరువులో 0.1 శాతం, కాడ్మియానికైతే 0.01 శాతం. అది బోర్డు మొత్తం బరువు మీద కాదు, విడదీయగలిగిన ప్రతి పదార్థం మీద. ఒక వైరు తీసుకుంటే పైన ఉన్న రంగు తొడుగు ఒకటి, లోపలి రాగి ఒకటి, రాగి మీది తగరం పూత ఇంకొకటి. స్క్రూ అయితే ఇనుము వేరు, దాని పూత వేరు. ఎక్స్‌రే పంపి మూలకాలను గుర్తించే ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్‌తో చూస్తే సీసం, కాడ్మియం నిమిషాల్లో తెలుస్తాయి. బ్రోమిన్ ఉందనీ తెలుస్తుంది కానీ అది నిషేధించిన రకమా కాదా అన్నది అది చెప్పలేదు. క్రోమియం సంగతీ అంతే. థాలేట్లయితే దానికి అసలు కనబడవు. వాటికి వేరే పరీక్ష, వేరే ఖర్చు. పైగా థాలేట్లు మెత్తటి పీవీసీ నుంచి పక్క వస్తువుకు పాకుతాయి. శుభ్రంగా వచ్చిన రబ్బరు పార్టును పీవీసీ షీటు మీద నెలల తరబడి ఉంచితే అది కూడా ఫెయిల్ కావచ్చు. స్టోర్‌లో ఏది దేని మీద పెడుతున్నారో చూసుకోవాల్సిందే.

పాత_సోల్డర్
కాగితాల సంగతి తర్వాత, ముందు బోర్డు నిలబడాలి కదా. పార్టులను బోర్డుకు అతికించే పాత 63/37 సోల్డర్ (63 శాతం తగరం, 37 శాతం సీసం) 183 డిగ్రీలకు కరిగేది. ఇప్పుడు వాడే తగరం, వెండి, రాగి మిశ్రమం కరగాలంటే 217 దాటాలి. ఆ వేడికి తేమ పీల్చుకున్న ఐసీలు ఓవెన్‌లోనే పగిలిపోతాయి. ఎక్కువ తగరం ఉన్న ఈ కొత్త సోల్డర్ పాత స్టీల్ సోల్డర్ పాట్‌ను తినేస్తుంది, అంటే కరిగిన సోల్డర్ అల మీద బోర్డును నడిపే వేవ్ మెషిన్ కూడా మార్చుకోవాలి. వట్టి తగరం పూత మీద సన్నటి వెంట్రుకల్లాంటివి మొలిచి షార్ట్ అవుతాయి. అంతరిక్ష, సైనిక పరికరాలను రోహ్స్ పరిధి నుంచి ఎందుకు తప్పించారు మరి? నమ్మకం లేకనే. ఇదంతా మా నెత్తిన రుద్దినవాళ్లు మా లైన్ ఆగితే జవాబు చెప్పరు.

తుక్కు_వైపు
పాత_సోల్డర్ గారూ, మీ బోర్డు జీవితం మీ కస్టమర్ దగ్గర ముగియదు. చైనాలోని గుయ్యూలో బొగ్గుల మీద బోర్డులు కాల్చి సోల్డర్ కరిగించారు, బంగారం కోసం యాసిడ్‌లో ముంచారు. అక్కడి పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా ఉందని పరిశోధకులు 2007లో ప్రచురించారు. ఘనాలో అగ్‌బోగ్‌బ్లోషీలో కేబుళ్ల ప్లాస్టిక్‌ను తగలబెట్టి రాగి తీసేవారు. తయారీలో వేసింది తర్వాత ఎవరూ బయటికి తీయలేరు. అందుకే తయారీ దగ్గరే ఆపాలి. మీ లైన్ ఖర్చు లెక్కలోకి వస్తే ఈ పిల్లల లెక్క కూడా రావాలి.

సీసం లేకుండా కుదరని చోట మినహాయింపులు ఉన్నాయి కదా. 85 శాతానికి పైగా సీసం ఉండే హై మెల్టింగ్ సోల్డర్, 4 శాతం దాకా సీసం ఉన్న రాగి మిశ్రమాలు అలా వచ్చినవే.

పాత_సోల్డర్
మినహాయింపుకు గడువు ఉంటుంది. అది ముగిసేలోగా పొడిగిస్తారో లేదో తెలియక డిజైన్ మార్చాలా వద్దా అని టెన్షన్ పడేది మేము. పిల్లల మాట కాదనను. నా గోడు అల్లా ఈ అనిశ్చితి గురించి.

చిన్న_యూనిట్
సీసం మానేయడం మీద నాకు తగాదా లేదు. మా లైన్ ఎప్పుడో మారింది. నా బాధ రుజువు గురించి. ప్రతి లాట్‌కూ థర్డ్ పార్టీ ల్యాబ్ రిపోర్ట్ కావాలంటున్నారు. అదీ ఏడాది లోపుది. రెసిస్టర్ మారలేదు, సప్లయర్ మారలేదు, రిపోర్ట్ తేదీ పాతబడిందని సరుకు ఆపేస్తారు. ఇది పర్యావరణమా?

ల్యాబ్_డెస్క్
ఇక్కడే అందరూ పొరబడుతున్నారు. ప్రతి లాట్‌కూ ల్యాబ్ రిపోర్ట్ తెమ్మని రోహ్స్ ఎక్కడా అడగదు. తయారీదారు టెక్నికల్ ఫైల్ తయారుచేసుకుని, తనే డిక్లరేషన్ రాసి, యూరప్ నిబంధనలకు లోబడి ఉందని చెప్పే సీఈ గుర్తు వేసి, ఆ ఫైల్‌ను 10 ఏళ్లు దాచిపెట్టాలి. ఫైల్‌లో ఏముండాలో చెప్పే ప్రమాణం ఈఎన్ ఐఈసీ 63000. దాని ప్రకారం ఏ పదార్థంలో ఏ ప్రమాదం ఉండొచ్చో, ఏ సప్లయర్‌ను ఎంత నమ్మొచ్చో తూచి చూసి, అవసరమైన చోటే టెస్ట్ చేయించాలి. పేరున్న కంపెనీ నుంచి వచ్చిన చిప్ రెసిస్టర్‌కు వాళ్ల డిక్లరేషన్ చాలు. రంగు పీవీసీ వైరుకూ, ఊరూపేరూ లేని కనెక్టర్‌కూ డబ్బు ఖర్చు పెట్టండి. ల్యాబ్‌లో పనిచేస్తూ చెబుతున్నాను: వచ్చే శాంపిళ్లలో చాలావరకు టెస్ట్ అక్కర్లేనివే. అక్కర్లేని రిపోర్ట్ అడుగుతున్నది కొనుగోలుదారు, తిడుతున్నది చట్టాన్ని.

దిగుమతి_డెస్క్
కొనుగోలుదారు వైపు మాట చెబుతాను. యూరప్‌లో దిగుమతి చేసుకున్నవాడి పేరూ చిరునామా వస్తువు మీద ఉండాలి. సరుకు ఫెయిలైతే అధికారులు ముందు వచ్చేది మా దగ్గరికే. బయటి దేశంలో ఉన్న తయారీదారు రాసిచ్చిన డిక్లరేషన్ ఒక్కదాన్నే నమ్ముకుని ఆ బాధ్యత మోయమంటే ఎలా? రీచ్‌లో ఇంకా ఇబ్బంది. దాని జాబితాలోని రసాయనం 0.1 శాతం దాటితే చెప్పాలి, ఆ లెక్క మొత్తం వస్తువు మీద కాదు, అందులోని ఒక్కో భాగం మీద అని యూరప్ న్యాయస్థానం 2015లో చెప్పింది. 2021 జనవరి 5 నుంచి అలా పరిమితి దాటిన భాగాల వివరాలు స్కిప్ అనే యూరప్ డేటాబేస్‌లో నమోదు చేయాలి. మీరు వివరం ఇవ్వకపోతే మేం ఏం నమోదు చేస్తాం?

ల్యాబ్_డెస్క్
వివరం అడగండి, ఇవ్వాల్సిందే. ఏ పార్టులో ఏముందో పదార్థాల వారీగా అడిగితే అది మీకూ పనికొస్తుంది, తయారీదారుకూ పనికొస్తుంది. రిపోర్ట్ తేదీ మాత్రం చూసి సరుకు ఆపడం వల్ల ఎవరి ఒంట్లోకీ సీసం పోకుండా ఆగదు. కాంట్రాక్ట్‌లో "ఏటా రిపోర్ట్" తీసేసి "సప్లయరో పదార్థమో మారితే రిపోర్ట్" అని రాసుకోండి. దిగుమతి_డెస్క్ గారూ, మీ కంపెనీలో ఆ ఒక్క వాక్యం మార్చమని ఎవరైనా అడిగారా?

దిగుమతి_డెస్క్
అడగలేదు. పాత టెంప్లేట్‌నే అందరికీ పంపుతున్నారు. ఈ మాట క్వాలిటీ వాళ్ల ముందు పెడతాను.

చిన్న_యూనిట్
అది మారితే సగం భారం దిగుతుంది. మిగతా సగం యూరప్ ఈ-వ్యర్థాల చట్టం, దాన్ని వీ (WEEE) అంటారు. రోహ్స్ యూరప్ అంతటికీ ఒకే నియమం. వీ అలా కాదు, ఏ దేశంలో అమ్మితే ఆ దేశపు రిజిస్టర్‌లో నమోదు, అక్కడో అధీకృత ప్రతినిధి, వాడి ఫీజు, ఎన్ని కిలోలు అమ్మామో లెక్క. బోర్డులు పంపినన్నాళ్లూ అది దిగుమతిదారు పని. మా సొంత పేరుతో చార్జర్లు నేరుగా ఆన్‌లైన్‌లో అమ్ముదామనుకుంటే 27 దేశాల్లో ఈ పని మాదే. పాత చార్జర్ వెనక్కి తీసుకునే ఖర్చు ఎంతైనా కడతాను, ఒక్క చోట కట్టనివ్వండి. ఒకే మార్కెట్ అని చెప్పుకునేవాళ్లు ఒకే రిజిస్టర్ ఎందుకు పెట్టలేరో తుక్కు_వైపు గారు చెప్పాలి.