దసరా ఆఫర్ చీర, రీఫండ్ కోసం పిన్ కొట్టొచ్చా?

మారతహళ్ళి అమ్మాయి: అమ్మకి దసరాకి పట్టుచీర కొందామని ఫోన్‌లో యాడ్ చూసి 2,499 యూపీఐ చేశానండీ, చీర రాలేదు, ఇప్పుడెవరో ఫోన్ చేసి రీఫండ్ ఇస్తాం క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అంటున్నాడు, కొట్టొచ్చా?

రాయలసీమ బిడ్డ: అయ్యో వద్దమ్మా! డబ్బులు మనకి రావడానికి పిన్ అక్కర్లేదు, కొడితే మన అకౌంట్లోంచి పోతాయి. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి, లేటయ్యేకొద్దీ డబ్బు ఆపడం కష్టం. యూటీఆర్ నంబర్ (నువ్వు కట్టిన పేమెంట్‌కి వచ్చిన లావాదేవీ నంబర్) దగ్గర పెట్టుకో.

కేఆర్ పురం: మా అక్క కూడా ఇలాగే మోసపోయింది, సైట్ పేరులో ఒక్క అక్షరం తేడా, లోగో మాత్రం అచ్చం అదే, పాపం చూసుకోలేదు. తెలియని సైట్‌లో ముందే డబ్బు కట్టకండి.

మారతహళ్ళి అమ్మాయి: 1930కి చేశాను, కంప్లయింట్ నంబర్ ఇచ్చారు, బ్యాంకుకీ చెప్పా. చాలా థాంక్సండీ.