ఆర్‌టీఎక్స్ 4060 కి ఏ ఎస్‌ఎంపీఎస్ తీసుకోవాలి? షాపాయన 1,400 ది చాలంటన్నాడు

పేట_కుర్రోడు

అన్నలూ ఒక డౌటు. కొత్త పీసీ కట్టిద్దామని పార్టులన్నీ దాదాపు ఫిక్స్ అయిపోయా, రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ550 బోర్డు, 16 జీబీ ర్యామ్, ఒక ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, పాత పీసీలోది 2 టీబీ హార్డ్‌డిస్క్, గ్రాఫిక్స్ కార్డ్ ఆర్‌టీఎక్స్ 4060. పీసీ మొత్తానికి కరెంటిచ్చే డబ్బా, అదే ఎస్‌ఎంపీఎస్, దాని దగ్గరే ఆగిపోయా. మా నరసరావుపేటలో షాపాయన "ఇది 500 వాట్లు, 1,400 కి ఇస్తా, అందరికీ ఇదే వేస్తన్నాం, ఒక్కడూ తిరిగి రాలేదు" అంటన్నాడు. ఆన్‌లైన్లో చూస్తే 550 వాట్లది 4,000 పైనే ఉంది. వాట్లు ఇంచుమించు ఒకటే కదా మరి మూడు రెట్లు రేటు ఎందుకో అర్థం కావట్లేదు. బ్రాంజ్, గోల్డ్ అంటన్నారు, గోల్డ్ కొంటేనే సేఫా?

ఇంకోటి, మా వీధిలో కరెంటు ఎండాకాలం మరీ దారుణం, సాయంత్రం అయితే ఫ్యాను ఈడ్చుకుంటా తిరుగుద్ది. ఇంటికి ఇన్వర్టర్ ఉంది. పాత పీసీ కేబినెట్ చెప్పుల్లేకుండా ముట్టుకుంటే జివ్వుమంటది, అది అందరి ఇళ్ళల్లో మామూలే అంటారు గదా. బడ్జెట్ ఆల్రెడీ దాటిపోయింది, నాన్నని ఇంకో మూడు వేలు అడగాలంటే కారణం గట్టిగా ఉండాలి, అందుకే అడుగుతున్నా.

బెజవాడ_రిపేర్

తమ్ముడూ, డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉన్న 500 ని వదిలెయ్. పక్కన స్టిక్కర్ మీద చిన్న పట్టిక ఉంటుంది, +3.3, +5, +12 అని గడులు. నీ సీపీయూ, గ్రాఫిక్స్ కార్డ్ రెండూ లాగేది 12 వోల్ట్ లైన్ నుంచే. దానికింద ఎన్ని ఆంపులని రాశాడో చూసి 12 తో గుణించు, నీకు పనికొచ్చే వాట్లు అవే. నా దగ్గరికి రిపేరుకొచ్చే లోకల్ వాటిల్లో పైన 450, 500 అని ఉండి లోపల 12 వోల్ట్ దగ్గర 14, 16 ఆంపులున్నవి బోలెడు. 16 అనుకున్నా 192 వాట్లే, అదీ వాడు రాసుకున్న లెక్క, లోడ్ పెడితే అంత కూడా నిలబడదు. మిగతా వాట్లు ఎక్కడివంటే 3.3, 5 లైన్లలో చూపించి కూడేస్తారు, ఈ కాలం పీసీకి వాటితో పెద్దగా పనే లేదు. మంచి కంపెనీ 550 తీసుకుంటే 12 వోల్ట్ దగ్గర 40 ఆంపుల పైనే ఉంటుంది.

ఇప్పుడు నీ పీసీ లెక్క. 4060 కి 115 వాట్లు, 5600 ఫుల్ లోడ్‌లో 76 దాకా తీసుకుంటుంది, బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లు కలిపి ఇంకో 50 వేసుకో, అంతా కలిపి 240, 250. 192 కి ఎలా సరిపోద్ది? మరి ఈ కార్డు చిప్ చేసే ఎన్‌విడియా వాడు 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ పెట్టమని ఎందుకు చెప్తాడంటావా, కార్డు కన్ను మూసి తెరిచే లోపు తన సగటు కంటే బాగా ఎక్కువ లాగి వదులుతుంది, పైగా జనం ఎలాంటి ఎస్‌ఎంపీఎస్ పెడతారో వాడికీ తెలుసు, అందుకని మార్జిన్ వేసి చెప్తాడు.

రేటు తేడా ఎక్కడుందంటే, చవకవి విప్పితే బోర్డు మీద కరెంటు లోపలికొచ్చే చోట ఫిల్టర్ కాయిల్ ఉండాల్సిన జాగాలో ఒక వైరు ముక్క అతికించి ఉంటుంది. పెద్ద కెపాసిటర్ చిన్న సైజుది, వైర్లు సన్నం. ప్రొటెక్షన్ అసలు ఉండదు లేకపోతే పేరుకి ఉంటుంది. మంచి దాంట్లో 12 వోల్ట్ పెరిగినా, పడిపోయినా, షార్ట్ అయినా, లోడ్ మించినా దానంతట అదే ఆగిపోతుంది. లేని దాంట్లో ఆ 12 కాస్తా 14, 15 అయ్యి బోర్డు, డిస్కు దాకా వెళ్ళిపోతుంది. నాన్నకి ఇదే చెప్పు, 25 వేల కార్డుని 1,400 దానికి తగిలిస్తున్నామని. నువ్వు మాత్రం సరదాకి కూడా విప్పొద్దు, ప్లగ్ పీకాక కూడా ఆ పెద్ద కెపాసిటర్లో 300 వోల్ట్ పైన నిలిచి ఉండొచ్చు.

జివ్వుమనడం మామూలే అన్నావు చూడు, అది మామూలు కాదు. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు బాడీకి కలిపి ఉంటాయి, అవి వదిలే కొద్దిపాటి కరెంటు ఎర్త్‌లోకి పోవాలి. మీ ప్లగ్గులో ఎర్త్ లేకపోతే కేబినెట్ మీద సగం వోల్టేజ్, 110, 115 అలా తేలుతుంటుంది. పది వేల ఎస్‌ఎంపీఎస్ పెట్టినా జివ్వుమంటూనే ఉంటుంది. ముందు అది చూసుకో.

కూల్_గుంటూరు

ఊరికే భయపెట్టకండి బాసూ. నా పీసీలో ఇలాంటి లోకల్‌దే ఐదేళ్ళ నుంచి నడుస్తోంది, ఒక్కసారి కూడా ఆగలా. కొనేటప్పుడు షాపులో టెస్టర్ పెట్టి చూపించారు, 12.1 వచ్చింది కరెక్ట్‌గా. మీ బ్రాండెడ్ వాటిల్లో కూడా పోయినవి చూశా. అంతా మార్కెటింగ్.

బెజవాడ_రిపేర్

మీ దాంట్లో గ్రాఫిక్స్ కార్డ్ ఉందా?

కూల్_గుంటూరు

లేదు. టాలీ, బ్రౌజింగ్, అప్పుడప్పుడు సినిమా.

బెజవాడ_రిపేర్

అదీ సంగతి. మీ పీసీ మొత్తం లాగేది 60, 70 వాట్లు, దానికి అదెందుకు ఆగుద్ది, ఇంకో ఐదేళ్ళు కూడా నడవొచ్చు. ఇక ఆ టెస్టర్ చెప్పుకోదగ్గ లోడే ఇవ్వదు, అందుకని మహా చెత్తది కూడా 12.1 చూపిస్తుంది. గ్రీన్ వైరు, బ్లాక్ వైరు పిన్నుతో కలిపి "ఫ్యాను తిరిగింది, ఓకే" అంటారు చూడండి, అదీ అంతే. గేమ్ ఆడుతుండగా 12 లైన్ 11.4 కిందకి పోయిందా లేదా అన్నదే అసలు పరీక్ష, స్టాండర్డ్ ప్రకారం ఐదు శాతం కంటే ఎక్కువ తేడా రాకూడదు. బ్రాండెడ్ పోవని ఎవరూ అనట్లేదు, కాకపోతే వారంటీ ఉంటుంది, పోయేటప్పుడు పక్కవాటిని లాక్కుపోయే ఛాన్స్ తక్కువ.

సీటీసీ_రాక

అన్న చెప్పినవి కరెక్టే, గోల్డ్ సంగతి నేను చెప్త. బ్రాంజ్, గోల్డ్ అనే 80 ప్లస్ రేటింగ్ గోడ నుంచి తీస్కున్న కరెంటుల ఎంత వేస్ట్ చేస్తది అన్న లెక్క మాత్రమే, సేఫ్టీ సర్టిఫికెట్ కాదు. సగం లోడ్ మీద బ్రాంజ్ అంటే 85 శాతం పీసీకి చేరుతది, గోల్డ్ అంటే 90 చిల్లర. నీ 250 వాట్లకి బ్రాంజ్ గోడ నుంచి 294 లాగుతది, గోల్డ్ 275 దగ్గర. తేడా 20 వాట్లు. రోజూ 4 గంటలు గేమ్ ఆడినా ఏడాదికి 29 యూనిట్లు, రెండు వందల రూపాయలు కూడా మిగుల్తయో లేదో. అందుకని బిల్లు కోసం గోల్డ్ కొనకు. గోల్డ్ మోడల్స్‌ల పార్టులు మామూలుగా మంచివి వేస్తరు, వారంటీ కూడా ఏడేళ్ళు, పదేళ్ళు ఇస్తరు, డబ్బులుంటే దానికోసం తీస్కో. ఆ టెస్టులు చేసేది 23 డిగ్రీల గదిల, మన మే నెలల కాదు 😄

ఇంకోటి, కొన్ని డబ్బాల మీద 80 ప్లస్ లెక్కనే కనిపించే బొమ్మ ఉంటది, 85 ప్లస్ అనో, హై ఎఫిషియన్సీ అనో. గట్లాంటిది ఏదీ లేదు. 80 ప్లస్ సైట్ల కంపెనీ పేరు, మోడల్ కొట్టి చూడు, లిస్టుల లేకపోతే వదిలెయ్.

మోడల్స్ అంటే నీ బడ్జెట్‌ల కోర్సెయిర్ సీఎక్స్, కూలర్ మాస్టర్ ఎండబ్ల్యూఈ బ్రాంజ్ వీ2, ఎంఎస్‌ఐ ఏ550బీఎన్, డీప్‌కూల్ పీకే550డీ, వీటిల్ల ఏది తక్కువకి దొరికితే అది, అన్నిటికీ ఐదేళ్ళ వారంటీ. సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీల నాలుగు షాపులు తిరిగితే ఆన్‌లైన్ కంటే రెండు, మూడు వందలు తగ్గుతది గానీ దానికోసం పేట నుంచి రాకు. తర్వాత కార్డు మారుస్త అనుకుంటే 650 తీస్కో, 4070 లాంటి వాటికి ఎన్‌విడియా 650 చెప్తది. ఏటీఎక్స్ 3.0, 3.1, కొత్త 600 వాట్ల కనెక్టర్, అవన్నీ నీకు ఇప్పుడు అక్కర్లే, 4060 లు చాలావాటికి మామూలు 8 పిన్ ఒక్కటే ఉంటది.

నీకు అసలు చూస్కోవాల్సింది వేరే ఉన్నది. స్టిక్కర్ మీద ఇన్‌పుట్ అని ఉంటది, కొన్నిటి మీద 100–240, కొన్నిటి మీద 200–240. ఒకే పేరు మీద రెండు రకాలు కూడా అమ్ముతరు. మీ దగ్గర సాయంత్రం వోల్టేజ్ 170, 180 కి పడుతదంటే 200–240 ది కొనకు, పడ్డప్పుడల్లా రీస్టార్ట్ అయితది. 100–240 ఉన్న దానికి స్టెబిలైజర్ కూడా అక్కర్లే.

పేట_కుర్రోడు

అన్నా షాపుకెళ్ళి ఫోటో తీశా. 12 వోల్ట్ దగ్గర 15 ఆంపులు రాసుంది, అంటే 180 😐 ఇన్‌పుట్ 230 అని మాత్రమే ఉంది. పక్కింటి ఎలక్ట్రీషియన్ బాబాయ్‌ని పిలిచి మీటర్ పెట్టిస్తే ఫేజ్‌కి న్యూట్రల్‌కి 212, ఫేజ్‌కి ఎర్త్‌కి ఒకసారి 90, ఒకసారి 60 చూపిస్తంది. ఇన్వర్టర్ మీద పెట్టుకోవచ్చా, వెనకాల యూపీఎస్ అని ఒక స్విచ్ కూడా ఉంది.

బెజవాడ_రిపేర్

ఫేజ్‌కి ఎర్త్‌కి కూడా ఇంచుమించు ఆ 212 రావాలి. 90, 60 అని ఊగుతుందంటే ఎర్త్ లేనట్టే, ప్లగ్గులో మూడో రంధ్రం ఉంది కానీ దాని వెనక వైరు ఎక్కడో తెగింది లేదా అసలు లాగలేదు. గుంట ఎక్కడుందో కనుక్కోమను, చాలా ఇళ్ళల్లో ఉప్పు, బొగ్గు వేసి పాతిన గుంట ఎండాకాలం ఎండిపోయి ఉంటుంది, నీళ్ళు పోస్తే కొంత వస్తుంది, రాకపోతే కొత్తది వేయించాల్సిందే. న్యూట్రల్ నుంచి తీసి ఎర్త్ పిన్నుకి కలిపేస్తా అంటారు కొందరు, అది మాత్రం అస్సలు ఒప్పుకోవద్దు, బయట న్యూట్రల్ తెగిందంటే కేబినెట్ మీదకి ఫుల్ ఫేజ్ వస్తుంది.

ఇన్వర్టర్ ప్యూర్ సైన్‌వేవ్ అయితే పెట్టుకో. స్క్వేర్‌వేవ్ అయితే వద్దు, మంచి ఎస్‌ఎంపీఎస్‌లన్నిటిలో యాక్టివ్ పీఎఫ్‌సీ అని గోడ నుంచి లాగే కరెంటుని సరిచేసే సర్క్యూట్ ఉంటుంది, దానికి ఆ స్క్వేర్‌వేవ్ పడదు, కరెంటు పోగానే పీసీ కూడా ఠక్కున ఆగొచ్చు. స్విచ్ యూపీఎస్ వైపే ఉంచు. కరెంటు పోయాక ఎస్‌ఎంపీఎస్ తన దగ్గరున్న దాంతో ఓ పదహారు, పదిహేడు మిల్లీ సెకన్లు నెట్టుకొస్తుంది, ఆ లోపు ఇన్వర్టర్ అందుకోవాలి, మామూలు మోడ్‌లో చాలా వాటికి అంతకంటే ఎక్కువ పడుతుంది. కాకపోతే యూపీఎస్ మోడ్‌లో 180 కిందకి పడితే చాలు బ్యాటరీ మీదకి మారిపోతుంది, అంటే మీ వీధిలో సాయంత్రాలు గేమ్ ఆడితే బ్యాటరీ ఖాళీ.

లక్ష్మి_పీసీ

ఒకటి అందరూ మర్చిపోయారు. పాత పీసీ నుంచి హార్డ్‌డిస్క్ తెస్తున్నావు కదా తమ్ముడూ, పాత ఎస్‌ఎంపీఎస్ మాడ్యులర్ది, అంటే కేబుళ్ళు ఊడదీసేది అయితే దాని పవర్ కేబుల్ కూడా లాక్కొచ్చి కొత్తదానికి పెట్టకు. డిస్క్ వైపు పిన్నులు అన్నిటికీ ఒకటే గానీ ఎస్‌ఎంపీఎస్ వైపు ఒక్కో కంపెనీ ఒక్కోలా పెడుతుంది, 5 రావాల్సిన చోట 12 వస్తే ఆ 2 టీబీ అంతా గోవిందా. పాతకాలం 4 పిన్ మోలెక్స్ నుంచి డిస్క్‌కి పెట్టే సాటాకి మార్చే చవక కన్వర్టర్ కూడా వద్దు, కరిగి అంటుకునేవి అవే. బోర్డు పైన సీపీయూకి పెట్టే 8 పిన్, కార్డుకి పెట్టే 8 పిన్ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒకటి 4+4, ఇంకోటి 6+2, బలవంతంగా నొక్కకు.

పేట_కుర్రోడు

పాతది మాడ్యులర్ కాదక్కా, వైర్లన్నీ లోపల్నించే వచ్చాయి. నాన్న మూడు వేలకి ఓకే అన్నాడు గానీ ముందు ఎర్త్ చేయించాకే పీసీ అన్నాడు. 100–240 ఉన్నదే చూసి 550 తీసుకుంటా.

సీటీసీ_రాక

షాపుల కొంటే బిల్లు మీద మోడల్‌తో పాటు సీరియల్ నంబర్ రాయించుకో, వట్టిగ "ఎస్‌ఎంపీఎస్ 1" అని రాసిస్తరు, మూడేళ్ళ తర్వాత సర్వీస్ సెంటర్ల ఆ బిల్లు చూపిస్తే తీస్కోరు.