ఇంగ్లీషులో ‘గెట్’ పెట్టి రాస్తే తప్పా?

లంకవాసి (ముక్తేశ్వరం)

మా ట్యూషన్‌కు వచ్చే తొమ్మిదో తరగతి కుర్రాడు ఇంగ్లీషులో ఒక పేరా రాశాడు. రేవు దగ్గర వాళ్ల నాన్న సైకిల్ పోయిన సంగతి అది. ‘మై ఫాదర్స్ సైకిల్ గాట్ స్టోలెన్’ అని మొదలుపెట్టాడు. బళ్లో మాస్టారు ‘గాట్’ కొట్టేసి, పైన ఎర్రసిరాతో ‘వాజ్’ అని రాసి అర మార్కు కోశారు. ‘గెట్’ బజారు మాట, పాసివ్ వాయిస్‌లో (కర్మణి ప్రయోగంలో) దానికి చోటు లేదన్నారట.

నాకు తెలిసినంతవరకు ఇంగ్లీషువాళ్లు ఇంట్లో, వీధిలో అనేది కుర్రాడు రాసినట్టే. మనం మాత్రం ‘రామా రోట్ ఎ లెటర్’ను తిరగేయించి ‘ఎ లెటర్ వాజ్ రిటెన్ బై రామా’ అనిపిస్తాం. ఆ పాఠం అక్కడితో సరి. ఉత్తరం గురించి అలా ఏ మనిషైనా మాట్లాడగా విన్నారా? ‘గెట్’ వాక్యాన్ని దిద్దాలా, నేర్పాలా? పెద్దలు చెప్పండి.

పాత బల్ల (తణుకు)

దిద్దాలి. ఉద్యోగ విరమణ చేసినా నా చెయ్యి ఇంకా ఎర్రపెన్ను కోసం తడుముకుంటూనే ఉంటుంది కనుక ఆ మాస్టారి పక్షానే మాట్లాడతాను. ‘ఈజ్, వాజ్, హాజ్ బీన్’ కుదురుగా రాని పిల్లవాడి చేతికి ‘గెట్’ ఇస్తే అన్నిచోట్లా అదే పెడతాడు. ‘హి గాట్ బార్న్’ అంటాడు, ‘ద స్టోరీ గాట్ నోన్’ అంటాడు. అలా ఏ ఇంగ్లీషువాడూ అనడు. పైగా పరీక్షలో వాయిస్ మార్చమని అడుగుతారు, మార్కులు వాటికే. ముందు రాజమార్గం, సందుగొందులు తర్వాత.

రొయ్యల లెక్క (భీమవరం)

మాస్టారూ, మీ రాజమార్గంలో నడిచి వచ్చిన అమ్మాయే మా ఎగుమతుల ఆఫీసులో చేరింది. వాయిస్ ప్రశ్నల్లో పూర్తి మార్కులట. మేము రొయ్యల నమూనాలను బయటి ల్యాబుకు పంపి, యాంటీబయాటిక్ అవశేషాలు ఉన్నాయేమో పరీక్ష చేయిస్తాం. ఆ సంగతే కొనుగోలుదారుకు రాయమంటే ‘వియ్ టెస్టెడ్ ద శాంపుల్స్’ అని రాసింది. అవతలి నుంచి వెంటనే ప్రశ్నలు: మీ దగ్గర ఏ యంత్రం ఉంది, పరీక్ష చేసిన మనిషి అర్హత ఏమిటి, ఏ పద్ధతిలో చేశారు? మా దగ్గర యంత్రమూ లేదు, మనిషీ లేడు. అది సర్దిచెప్పడానికి ఎన్ని ఉత్తరాలు నడిచాయో!

రాయవలసింది ‘వియ్ హాడ్ ద శాంపుల్స్ టెస్టెడ్’ అని. ‘హాడ్’ బదులు ‘గాట్’ పెట్టినా నడుస్తుంది. మనం ‘చేశాం’ అనం, ‘చేయించాం’ అంటాం. ‘క్షవరం చేయించుకున్నాను’ అనే మనిషే ఇంగ్లీషులోకి వెళ్లేసరికి ‘ఐ కట్ మై హెయిర్’ అంటాడు. అంటే కత్తెర తనే పట్టుకున్నట్టు! తెలుగులో ‘ఇంచు’ చేసే పనిని ఇంగ్లీషులో ‘హావ్’, ‘గెట్’ చేస్తాయని ఒక్క గంట చెప్పి ఉంటే సరిపోయేది. ఆ గంట ఏ సిలబస్‌లోనూ లేదు.

పాత బల్ల (తణుకు)

ధవళేశ్వరం ఆనకట్టను కాటన్ దొర కట్టించాడంటాం. 1847లో మొదలై 1852కు పూర్తయింది. ఇంగ్లీషు పుస్తకాల్లో ‘కాటన్ బిల్ట్ ది ఆనికట్’ అనే ఉంటుంది. ఆయన స్వయంగా రాళ్లు మోశాడని ఎవరూ అనుకోరు కదా? ‘టెస్టెడ్’ అన్నా అర్థం చేసుకోవాలి. కొనుగోలుదారు తెలివి తక్కువకు వ్యాకరణం ఏం చేస్తుంది?

రొయ్యల లెక్క (భీమవరం)

ఆనకట్ట ఒక్కడు కట్టేది కాదని అందరికీ తెలుసు, అందుకే అక్కడ ఇబ్బంది లేదు. పరీక్ష అలా కాదు. సొంత ల్యాబు ఉన్న కంపెనీలూ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి. ఎటైనా నమ్మదగిన చోటే చిక్కు.

లాకుల వీధి (ఆత్రేయపురం)

మాది లొల్ల లాకుల దగ్గర. ‘ద గేట్ వాజ్ క్లోజ్డ్ ఎట్ సిక్స్’ అని రాశారనుకోండి. ఆరింటికి తలుపు మూశారనా, లేక నేను వెళ్లేటప్పటికి, అంటే ఆరింటికి, అది మూసి ఉందనా? రెండూ వస్తాయి. తెలుగులో ‘మూశారు’ వేరు, ‘మూసి ఉంది’ వేరు. ‘వాజ్’ ఆ రెంటినీ ఒకే గంపలో వేస్తుంది. ‘గాట్ క్లోజ్డ్’ అంటే మూసిన పని జరిగిందనే తప్ప మరో అర్థం రాదు. మాస్టారు చూపించిన ‘గాట్ నోన్’ ఎందుకు కుదరదో కూడా ఇక్కడే తెలుస్తోంది. తెలిసి ఉండటం ఒక స్థితి, సంఘటన కాదు. ‘గెట్’కు సంఘటన కావాలి. ఇది నియమం లేని బజారు మాట అయితే ఇంత పట్టింపు ఎందుకుంటుంది?

పుస్తకాల పురుగు (రాజమహేంద్రవరం)

రెండు సంగతులు. మొదటిది ‘బై’ గురించి. క్వర్క్, ఆయన సహచరులు 1985లో ప్రచురించిన పెద్ద ఇంగ్లీషు వ్యాకరణంలో, పాసివ్ వాక్యాలు ఐదింటిలో సుమారు నాలుగింటికి కర్త చెప్పనే చెప్పరని ఉంది. మన పాఠాల్లో మాత్రం ‘బై’ లేకపోతే మార్కు లేదు. కర్తను చెప్పనవసరం లేనప్పుడు వాడే వాక్యానికి కర్తను మెడబట్టి లాక్కొచ్చి తోకలో కట్టిస్తున్నాం.

తెలుగువాళ్లకు ఈ అవసరం కొత్త కాదు. వేసవిలో ‘కాలువలు కట్టేశారు’ అంటాం. ఎవరు? ఎవరైతేనేం! కర్త లేని ఆ ‘శారు’ చాలు. ద్రావిడ భాషలకు అసలైన పాసివ్ లేదని, ఆ భాషల వ్యాకరణాలను పోల్చి చూసిన కాల్డ్వెల్ 1856లోనే రాశాడు. పాత కావ్య వచనాల్లో ‘అనంబడు’ వంటివి లేకపోలేదు కానీ, నోటి భాషలోకి అవి దిగలేదు. ‘నీటి సరఫరా నిలిపివేయబడును’ అని నోటీసులో రాసిన గుమాస్తా ఇంటికెళ్లి ‘నీళ్లు ఆపేస్తారట’ అనే చెబుతాడు.

రెండోది. కర్తను దాచడం ఎప్పుడూ అమాయకం కాదు. ఇరాన్‌కు ఆయుధాలమ్మిన గొడవలో అమెరికా అధ్యక్షుడు రీగన్ 1987 జనవరి ప్రసంగంలో తీవ్రమైన తప్పులు ‘వర్ మేడ్’ అన్నాడు. చేసిందెవరో ఆ వాక్యంలో లేదు. అక్కడున్నది మాస్టారి రాజమార్గపు ‘వర్’, గెట్ కాదు!

లంకవాసి (ముక్తేశ్వరం)

నాకు కావలసిన పట్టు దొరికింది. తెలుగులో ‘నాన్న చేత తిట్టించుకున్నాడు’ అంటాం. తిట్టింది నాన్నే, కానీ కుర్రాడూ ఏదో చేసే ఉంటాడన్న ఎత్తిపొడుపు అందులో ఉంది. ‘నాన్న తిట్టాడు’లో అది లేదు. ఇంగ్లీషులో ‘హి గాట్ అరెస్టెడ్’ అన్నా చాలాసార్లు ఆ ఛాయ వస్తుంది, ‘వాజ్ అరెస్టెడ్’లో అంత కనిపించదు. ‘గాట్ హిమ్‌సెల్ఫ్ అరెస్టెడ్’ అంటే ఇక అనుమానమే అక్కర్లేదు. దెబ్బలు తిన్నాడు, మోసపోయాడు, తిట్టించుకున్నాడు... ఏదైనా మనిషి మీదికి వచ్చి పడినప్పుడు వాడే మాటలు మన దగ్గర ఇన్ని ఉన్నాయి. వాటి పక్కన ‘గెట్’ను నిలబెడితే పిల్లలు పట్టేస్తారు. అయితే ‘గెట్’ అంటే ఎప్పుడూ చెడే అనీ చెప్పకూడదు, ‘గాట్ ప్రమోటెడ్’ ఉంది కదా.

పాత బల్ల (తణుకు)

తిట్టించుకోవడం పోలిక బాగుంది, ఒప్పుకుంటాను. అంతమాత్రాన పిల్లవాడు పోలీసులకిచ్చే ఫిర్యాదులో ‘గాట్ స్టోలెన్’ అని రాయాలా? ఫిర్యాదుకు, బ్యాంకు అర్జీకి, దరఖాస్తుకు ‘వాజ్’ ఒక్కటే మర్యాద. ఎక్కడ మాట్లాడుతున్నాడో, ఎక్కడ రాస్తున్నాడో తొమ్మిదో తరగతిలో వాడికి తెలియదు. తెలిసేదాకా నేను దిద్దుతూనే ఉంటాను.

లంకవాసి (ముక్తేశ్వరం)

దిద్దండి మాస్టారూ, కానీ కొట్టేయకుండా పక్కన ‘ఫిర్యాదులో అయితే వాజ్’ అని రాయండి. కథ చెబుతున్నవాడి వాక్యాన్ని ఫిర్యాదు లెక్కన కొలిచి మార్కు కోయడమే నాకు నచ్చనిది.

రొయ్యల లెక్క (భీమవరం)

ఆఫీసు ఉత్తరాల్లో మాస్టారితో ఏకీభవిస్తాను. కొనుగోలుదారుకు రాసేటప్పుడు ‘హాడ్’ పెడతాం, ‘గాట్’ ఫోనులో మాట్లాడేటప్పుడు. ఒప్పంద పత్రంలో అయితే ‘వర్ టెస్టెడ్’. ఇంకో మాట. ఆ ‘బై’ని పూర్తిగా పారేయకండి. మాకు వచ్చే ల్యాబు కాగితాల మీద ‘టెస్టెడ్ బై’ అని ఒక గడి ఉంటుంది. అందులో పేరు లేకపోతే సరుకు కదలదు.