జూమ్ మధ్యలోనే ఆగిపోతోంది: కుట్టు శిక్షణను వాట్సాప్‌లో నడపవచ్చా?

ప్రశ్న (పర్లాకిమిడి, గజపతి జిల్లా నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. నేను పర్లాకిమిడిలో కుట్టు శిక్షణ ఇస్తున్నాను. కాశీనగరం, గుమ్మ వైపు గ్రామాల స్వయం సహాయక సంఘాల మహిళలు 28 మంది వారానికి ఒక్క రోజు మాత్రమే నేరుగా రాగలుగుతున్నారు కనుక, మిగిలిన రోజులలో జూమ్ ద్వారా జాకెట్టు కటింగ్ చెబుతున్నాను. సరిగ్గా చంక రౌండు గీసే సమయానికి 40 నిమిషాలు నిండి మీటింగు ఆగిపోతోంది. కొండ గ్రామాల వారికైతే అంతకు ముందే బొమ్మ కదలకుండా నిలిచిపోతోంది. అందరూ తెలుగు మాట్లాడతారు గాని, ఒడియా బడులలో చదువుకున్నందువల్ల చాలామందికి తెలుగు చదవడం రాదు. డబ్బు కట్టి జూమ్ తీసుకోవాలా, గూగుల్ మీట్‌కు మారాలా, వాట్సాప్‌తోనే సరిపెట్టుకోవచ్చా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (రాయగడ నుంచి, ఉపాధ్యాయ శిక్షణలో పనిచేసే సభ్యుడు)

నమస్కారం అమ్మా. ఇప్పుడే డబ్బు కట్టకండి. ఉచిత ఖాతాలో బృందంగా కలిసేందుకు జూమ్ 40 నిమిషాలు ఇస్తుంది. గూగుల్ మీట్‌లో ముగ్గురికి తగ్గకుండా ఉంటే 60 నిమిషాలు. రెండింటిలోనూ 100 మంది వరకు చేరవచ్చు. మీట్‌కు మారితే మీకు మరో 20 నిమిషాలు కలిసివస్తాయే తప్ప, బొమ్మ నిలిచిపోవడం మాత్రం తగ్గదు, ఎందుకంటే అది గడువు వల్ల కాక సిగ్నల్ వల్ల వస్తున్న ఇబ్బంది. జూమ్ సంస్థ ఇచ్చే లెక్క ప్రకారం మాట ఒక్కటే అయితే సెకనుకు 60 నుంచి 80 కిలోబిట్లు చాలు. ఇద్దరి మధ్య మంచి వీడియోకు 600 కిలోబిట్లు కావాలి. అంటే గంటసేపు వినడానికి దాదాపు 36 ఎంబీ, చూడడానికి 270 ఎంబీ ఖర్చవుతాయి. కొండ గ్రామాలలో వినడానికి సరిపడే సిగ్నల్ సాధారణంగా దొరుకుతుంది. వీడియో మాత్రం ఆ రోజు అదృష్టం.

కాబట్టి చూసి నేర్చుకోవలసినదంతా ముందుగా వీడియో తీసి పంపించండి, ప్రత్యక్షంగా కలిసే సమయాన్ని సందేహాలకే కేటాయించండి. కొలతలు గుర్తుపెట్టడం, మెడ, చంక రౌండు, డాట్లు (జాకెట్టు ఒంటికి అమరేలా వేసే మడత కుట్లు), చేతులు, ఇలా ఒక్కొక్క పనికి మూడు నాలుగు నిమిషాల ముక్క ఒకటి చాలు. సంతకు వచ్చినప్పుడో, సిగ్నల్ అందిన చోటనో దింపుకుని, గీత ఎక్కడ లోపలికి తిరుగుతుందో ఎన్నిసార్లయినా వెనక్కి జరిపి చూసుకుంటారు; ప్రత్యక్ష తరగతిలో ఆ వీలు లేదు. సందేహాల కోసం వాట్సాప్ గ్రూప్ కాల్ సరిపోతుంది. అందులో 32 మంది వరకు పాల్గొనవచ్చు కనుక మీతో కలిపి 29 మందికి చోటుంది. కెమెరాలు ఆపి మాటతోనే నడపండి. కుట్టిన ముక్కలను ఫోటో తీసి ముందే పంపమంటే, వాటిని చూస్తూ మీరు ఒక్కొక్కరికి చెప్పవచ్చు.

చదవడం రానివారికి వాయిస్ మెసేజ్‌కు మించినది లేదు. మైకు గుర్తును నొక్కి పైకి జరిపితే వేలు తీసినా రికార్డు అవుతూనే ఉంటుంది, చేతిలో గుడ్డ పట్టుకుని కూడా చెప్పవచ్చు. వీడియో మీద తెలుగు అక్షరాలు వేయకండి, కొలతలు అంకెలలో కనిపిస్తే చాలు.

మళ్ళీ ప్రశ్న (పర్లాకిమిడి)

చాలా సంతోషమండీ. అయితే ఒకసారి వీడియో తీసి చూస్తే నా చేయి అడ్డం వచ్చి గీత కనిపించలేదు. ఇంకొక మాట, మా గ్రూపులో పొద్దున్నే పూల బొమ్మలు, దేవుడి బొమ్మలు వచ్చి పడి, పాఠం ఎక్కడో కిందికి వెళ్ళిపోతోంది.

సమాధానం (గుణుపురం నుంచి, టైలరింగ్ చేసే సభ్యురాలు)

అక్కా, ఫోనును ఎదురుగా నిలబెడితే చేయి అడ్డం రాక తప్పదు. రెండు కుర్చీల వీపుల మీద గజం బద్దను అడ్డంగా పెట్టి, కెమెరా నేలను చూసేలా ఫోనును దానికి గట్టిగా కట్టి, కిందనే కటింగ్ చేయండి. నీలం, నలుపు గుడ్డ మీద చాక్ గీత వీడియోలో సరిగా కనబడదు కనుక, ముందు తెల్ల కాగితం మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో గీసి, తరువాతే గుడ్డ మీద చూపించండి. వెలుతురు మీ ఎడమ చేతి వైపు కిటికీ నుంచి వస్తే కుడి చేతి నీడ గీత మీద పడదు.

సమాధానం (రాయగడ)

పూల బొమ్మలు పంపవద్దని చెబితే నొచ్చుకుంటారు, అందుచేత వాటికొక చోటు ఉండనివ్వండి. వాట్సాప్‌లో కమ్యూనిటీ (గ్రూపులను ఒకచోట కలిపి ఉంచేది) ఒకటి తెరిస్తే, దానితోపాటు నిర్వాహకులు మాత్రమే పంపగలిగే ప్రకటనల విభాగం వస్తుంది. పాఠాలు అందులో, కబుర్లు, ఫోటోలు మామూలు గ్రూపులో పెట్టుకోవచ్చు. ప్రకటనల విభాగంలో సభ్యుల నంబర్లు ఒకరివి ఒకరికి కనిపించవు, మామూలు గ్రూపులో మాత్రం అందరివీ కనిపిస్తాయి. మహిళల ఫోను నంబర్లు కనుక, గ్రూపులో చేర్చే ముందు ఒక్కొక్కరి అనుమతి అడగండి, ఇష్టం లేనివారిని ప్రకటనల వరకే ఉంచండి. వీడియోలను డాక్యుమెంటుగా పంపితే నాణ్యత తగ్గదు గాని, ఫైలు పెద్దదవుతుంది. గీత స్పష్టంగా కనబడవలసిన చంక రౌండు, మెడ వీడియోలకే అలా చేసి, మిగిలినవి మామూలుగా పంపించండి. అందరి ఫోన్లలోనూ ఫోటోలు, వీడియోలు వాటంతట అవే దిగకుండా సెట్టింగులలో ఆపించడం మరవకండి, లేకపోతే పూల బొమ్మలకే ఆ రోజు డేటా అయిపోతుంది.