హక్కుదారు విడుదల చేయని పాత చిత్రాన్ని అభిమాని ఆన్‌లైన్‌లో పెట్టవచ్చా?

నలుపుతెలుపు:
దశాబ్దాలుగా ఎక్కడా దొరకని ఒక కుటుంబ కథాచిత్రాన్ని పాత వీడియో టేపు నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించి ఆన్‌లైన్‌లో పెట్టాను. వారం తిరగకముందే హక్కుదారు ఫిర్యాదుతో తీసేశారు. వారు డీవీడీ వేయలేదు, ఎవరికీ ప్రసారానికి ఇవ్వలేదు. తాము చూపించరు, మరొకరిని చూపించనివ్వరు. నేను చేసింది తప్పు కాదనే నా నమ్మకం.

రీలుపెట్టె:
మీ బాధ అర్థమైంది కానీ ఒప్పుకోలేను. రెండు గంటల చిత్రంలో, సెకనుకు 24 చొప్పున, 1,72,800 ఫ్రేములు (విడివిడి బొమ్మలు) ఉంటాయి. వాటిని శుభ్రం చేసి, స్కాన్ చేసి, గీతలు తుడవడానికి డబ్బు కావాలి. సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ నెగటివ్‌లు 1993లో లండన్ ల్యాబ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలి దెబ్బతిన్నాయి. మిగిలిన భాగాలను ఎంతో ఓపికగా బాగుచేసి 2015లో మళ్లీ తెర మీదికి తెచ్చారు. మసక ప్రతి ఉచితంగా దొరుకుతుంటే అంత శ్రమకు ఎవరు పెట్టుబడి పెడతారు?

రెండో ఆట:
ముందు చిత్రం ఏ సంవత్సరానిదో చెప్పండి. భారత చట్టం ప్రకారం చిత్రంపై హక్కు విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. 1950 నాటిదైతే 2011 నుంచి అందరిదీ. పాటలకు, రచనకు లెక్క వేరు, అది మరచిపోకండి.

ఇక నన్ను ఎక్కువగా నొప్పించేది ఆ ప్రతుల తీరు. దాదాపు చతురస్రంగా తీసిన దృశ్యాన్ని నేటి వెడల్పు తెరకు సాగదీస్తారు. ముఖాలు ఉబ్బిపోతాయి. లేదా పైనా కిందా కోస్తారు, నుదురు పోతుంది. ఫిల్మ్‌లో సహజంగా కనిపించే సన్నని రేణువులను మరకలనుకుని తుడిచేస్తే చర్మం మైనంలా మారుతుంది. శబ్దంలో గరగర తీయబోయి, మాటకు ముందు నటి తీసుకున్న ఊపిరిని కూడా తీసేస్తారు. పోరాటాల చిత్రమైతే ఎలాగో సర్దుకోవచ్చు. ఇలాంటి చిత్రాల్లో కథ నడిచేదే ఆ ముఖం మీద, ఆ ఊపిరిలో.

నలుపుతెలుపు:
1950ల చివరిది. గడువు దాటిందన్నమాట! రీలుపెట్టె గారూ, ఒక్క మాట. డెన్మార్క్ దర్శకుడు డ్రేయర్ తీసిన ‘ది ప్యాషన్ ఆఫ్ జోన్ ఆఫ్ ఆర్క్’ (1928) అసలు నెగటివ్ కాలిపోయింది. చక్కటి ప్రింటు ఒకటి 1981లో నార్వేలో ఓస్లో దగ్గర్లోని మానసిక చికిత్సాలయంలో బయటపడింది. ఎవరూ ఊహించని చోట ఒక ప్రతి ఉండబట్టే కదా అది మిగిలింది?

రీలుపెట్టె:
దొరికింది ఫిల్మ్ ప్రింటు. మీరు పెట్టింది కుదించిన ఫైలు. దాని నుంచి రేపు ఎవరూ కొత్త ప్రింటు తీయలేరు. పైగా ‘ఆన్‌లైన్‌లో ఉందిగా’ అనుకుని అసలు రీళ్ల గురించి అడిగేవారే ఉండరు. అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన పాత రీళ్లు పాడవుతూ వెనిగర్ వాసన కొడుతూ ముడుచుకుపోతుంటాయి. నా భయం అదే. గడువు దాటిందంటున్నారు కాబట్టి మీ ప్రతిపై నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను, కానీ అది ఎక్కడి నుంచి తీసిందో, ఏం పోయిందో దాని కిందే రాయండి.

నలుపుతెలుపు:
రాస్తాను. టేపు నుంచి తీసింది, నిడివి 2 గంటల 11 నిమిషాలు, చివరి పాటలో రెండు చరణాలు లేవు. ఫిర్యాదుకు విడుదల సంవత్సరం ఆధారంగా జవాబు పంపుతున్నాను. అసలు రీళ్లు ఏ స్థితిలో ఉన్నాయో కూడా అదే ఉత్తరంలో అడుగుతాను.